పంచరు వేసే ముందు ముల్లు వెతకండి: ఇంట్లోనే సైకిల్ బాగు చేసుకోవడం

ఒకే వారంలో ఒకే చక్రానికి మూడుసార్లు పంచరు వేశాను. మొదటిసారి సొల్యూషన్ పాతదై ఉంటుందని సరిపెట్టుకున్నాను. రెండోసారి ప్యాచీ సరిగా అంటలేదనుకున్నాను. మూడోసారి ట్యూబు పక్కన పడేసి, టైరు లోపలి వైపు వేళ్లతో తడుముకుంటూ వస్తే చూపుడు వేలికి చురుక్కుమంది. సర్కారు తుమ్మ ముల్లు. బయటి భాగం ఎప్పుడో విరిగిపోయింది, లోపల ఆవగింజంత మొన మిగిలింది. బరువు పడినప్పుడల్లా అది ట్యూబును పొడుస్తోంది. మూడు ప్యాచీలూ అంగుళం దూరంలో పక్కపక్కనే ఉన్నాయి. వాటిని చూసినప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది.

ఇంట్లో సైకిల్ బాగు చేసుకోవాలనుకునేవారికి నేను చెప్పగలిగింది చాలావరకు ఇదే. బిగించడం, అతికించడం, నూనె వేయడం నాలుగు రోజుల్లో చేతికి వస్తాయి. పాడైంది ఎందుకో కనుక్కోవడమే అసలు పని. అది మానేసి పానా పట్టుకుంటే మళ్లీ వారానికి అదే పని చేస్తాం.

మా ఇంట్లో రెండు సైకిళ్లు ఉన్నాయి. ఒకటి నాన్నగారి నల్ల సైకిల్: 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, ఒకటే గేరు. రెండోది మా అమ్మాయిది: 26 అంగుళాల చక్రాలు, తీగ బ్రేకులు, వెనక గేర్లు. మీ ఇంట్లో ఉన్న సైకిల్ ఈ రెండింటిలో ఏదో ఒకదానికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి రెండింటి సంగతీ కలిపే చెబుతాను.

ముందు సామాను

ఒక పాత బిస్కెట్ల డబ్బా చాలు. అందులో ఇవి ఉండాలి: గాలి పంపు, టైరు విప్పే రెండు లీవర్లు, పంచరు ప్యాచీలు, సొల్యూషన్, గరుకు కాగితం, మీ సైకిల్ నట్లకు సరిపోయే పానాలు, స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు, చిన్న సుత్తి, గ్రీజు, నూనె డబ్బా, పాత బనియన్ గుడ్డలు. పెడళ్లకు సాధారణంగా 15 నంబరు పానా పడుతుంది. చక్రాల నట్లు ముందు ఒక సైజు, వెనక ఒక సైజు ఉండవచ్చు, అందుకని దుకాణానికి వెళ్లే ముందు ఇంట్లో కొలుచుకోండి. నోరు ఎంత కావాలంటే అంత తెరుచుకునే స్క్రూ పానా ఒక్కటి కొంటే అన్నింటికీ సరిపోతుందని అనిపిస్తుంది. కానీ అది కొంచెం వదులైనా నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. మూలలు పోయిన నట్టును విప్పడం కంటే వంద రూపాయలు పెట్టి సరైన పానా కొనడం నయం.

పంచరు

గాలి దిగిపోగానే ట్యూబు విప్పకండి. ముందు వాల్వు చూడండి. నల్ల సైకిళ్లకు ఉండే పాతరకం వాల్వులో సన్నటి రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది, దాన్నే దుకాణాల్లో వాల్‌ట్యూబు అంటారు. అది ఎండిపోయి చిట్లితే గాలి నెమ్మదిగా పోతుంది. గాలి కొట్టి, వాల్వు మూతి మీద వేలితో కాస్త నీళ్లు పెట్టండి. బుడగ లేస్తే జబ్బు అక్కడే ఉంది. పాత రబ్బరు తీసేసి, కొత్తదాన్ని తడిపి వాల్వు పిన్ను మీద గాలి రంధ్రం పూర్తిగా మునిగేలా ఎక్కించండి. రెండు నిమిషాల పని. ఈ గొట్టం ముక్కలు నాలుగు డబ్బాలో పడేసి ఉంచుకోండి.

వాల్వు బాగానే ఉంటే అప్పుడు టైరు సంగతి. సైకిల్‌ను సీటు, హ్యాండిల్ మీద తలకిందులుగా నిలబెట్టండి. చక్రం పూర్తిగా ఊడదీయనక్కర్లేదు. దుకాణంలో పంచరు వేసేవారిని గమనించండి, టైరును ఒక్క పక్క మాత్రమే రిమ్ము నుంచి తప్పించి ట్యూబు బయటకు లాగుతారు. అది చాలు. కానీ ట్యూబు లాగే ముందు ఒక పని చేయండి: వాల్వు టైరు మీది ఏ అక్షరం దగ్గర ఉందో గుర్తు పెట్టుకోండి, లేదా అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

గాలి పూర్తిగా తీసేసి, టైరు అంచును చుట్టూ వేళ్లతో రిమ్ము మధ్య గుంటలోకి నొక్కుకుంటూ రండి. రిమ్ము మధ్య భాగం లోతుగా ఉంటుంది. అంచు అందులోకి దిగితే ఎదురు పక్కన టైరు వదులవుతుంది. ఈ సంగతి తెలియకే చాలామంది టైరుతో కుస్తీ పట్టి, చివరికి స్క్రూడ్రైవరు దూర్చి ట్యూబుకు ఇంకో కన్నం పెడతారు. వాల్వుకు ఎదురుగా ఉన్న చోట లీవరు పెట్టి అంచు పైకి ఎత్తండి, నాలుగు అంగుళాల అవతల రెండోది పెట్టండి, ఇక చుట్టూ లాగేయవచ్చు.

ట్యూబు బయటకు వచ్చాక మామూలు లావుకు రెండింతలు ఉబ్బేలా గాలి కొట్టండి. చెవి దగ్గర, పెదవి దగ్గర పెట్టి తిప్పితే పెద్ద కన్నం తెలిసిపోతుంది. చిన్నదైతే బేసిన్‌లో నీళ్లు పోసి కొంచెం కొంచెంగా ముంచుతూ చూడండి. బుడగలు లేచిన చోటు మధ్యలో వచ్చేలా బాల్‌పెన్నుతో పెద్ద కూడిక గుర్తు గీయండి. గీతలు ప్యాచీ కంటే పొడుగ్గా ఉండాలి, ఎందుకంటే గరుకు కాగితం పెట్టి రుద్దాక మధ్య గుర్తు చెరిగిపోతుంది. ఒక కన్నం దొరికిందని ఆగకండి, ట్యూబు మొత్తం తిప్పి చూడండి.

ఇప్పుడు కన్నం ఎక్కడుందో చదవాలి. ట్యూబుకు బయటి వైపు, అంటే రోడ్డుకు తగిలే వైపు ఉంటే అది ముల్లో, మేకో, గాజు పెంకో. లోపలి వైపు, అంటే రిమ్ముకు ఆనే వైపు ఉంటే స్పోకు పుల్ల మొన పైకి పొడుచుకు వచ్చి ఉంటుంది, లేదా రిమ్ము మీది రబ్బరు పట్టీ జరిగి ఉంటుంది. పక్కపక్కనే జంటగా రెండు చిన్న చీలికలు కనిపిస్తే ముల్లు కోసం వెతకడం దండగ. గాలి తక్కువగా ఉండి గోతిలో దిగినప్పుడు, రిమ్ము అంచులకూ రోడ్డుకూ మధ్య ట్యూబు నలిగింది. దానికి మందు ప్యాచీ ఒక్కటే కాదు, ఇకమీదట గాలి సరిగా కొట్టించడం కూడా. వాల్వు మొదట్లో చిరిగితే ట్యూబు మార్చేయాల్సిందే. అక్కడ ఏ ప్యాచీ నిలవదు.

ముందు పెట్టుకున్న గుర్తు ఇక్కడే ఉపయోగపడుతుంది. వాల్వును ఆ గుర్తుకు ఆనించి ట్యూబును టైరు పక్కన చుట్టూ పరిస్తే, కన్నానికి ఎదురుగా టైరులో ఏముందో నేరుగా అక్కడే చూడవచ్చు. ట్యూబు తిరగబడి ఉండవచ్చు కాబట్టి రెండు దిక్కులా చూడండి. వేళ్లతో తడిమేటప్పుడు మెల్లగా తడమండి, లేదా చేతి గుడ్డ పరిచి లాగండి. మొన ఉన్నచోట గుడ్డ పోగు తగులుకుంటుంది. ముల్లు కనిపిస్తే ప్లయరుతో బయటి వైపు నుంచో లోపలి వైపు నుంచో పూర్తిగా లాగేయండి. పొలం గట్ల మీద తిరిగే సైకిలైతే పల్లేరు కాయల సంగతి మరిచిపోకండి. ఒక్క కాయ ఎండితే ఐదు ముక్కలవుతుంది, ముక్క ముక్కకూ ముళ్లు ఉంటాయి. ఒకటి తీసి అయిపోయిందనుకుంటే మిగతావి మీకోసం కాచుకుని ఉంటాయి.

జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు బెల్‌ఫాస్ట్‌లో గాలి టైరుకు పేటెంటు పుచ్చుకున్నది 1888లో. అంతకుముందు గట్టి రబ్బరు చక్రాలుండేవి, వాటికి పంచరన్నదే లేదు. ఒళ్లు హూనమయ్యేది, అంతే. మెత్తటి ప్రయాణానికి మనం కడుతున్న సుంకం ఈ ముల్లు.

ఇక ప్యాచీ. ట్యూబును బాగా ఆరబెట్టి, కన్నం చుట్టూ ప్యాచీ కంటే కొంచెం ఎక్కువ మేర గరుకు కాగితంతో రుద్దండి. మెరుపు పోయి మసక నలుపు రావాలి. ట్యూబు మీద అచ్చు పోసినప్పటి గీత ఏదైనా ఉబ్బెత్తుగా ఉంటే అది చదును కావాలి, లేకపోతే గాలి ఆ గీత పక్కనే దారి చేసుకుంటుంది. సొల్యూషన్ పలచగా ఒక పూత పూయండి. తర్వాత ఆగండి. కొత్తవాళ్లంతా తప్పు చేసేది ఇక్కడే. తడిగా ఉండగానే ప్యాచీ అతికిస్తే అది పైపైన జారుతూ ఉంటుంది, రెండు రోజుల్లో ఊడుతుంది. ఐదు నిమిషాలు గడిచి, పూత మెరుపు తగ్గి, అంచున వేలు పెడితే తడి అంటకుండా జిగటగా తగిలినప్పుడు ప్యాచీ వేయాలి. వెండి రేకు ఒలిచిన వైపు కిందకు పెట్టి, మధ్య నుంచి అంచుల వైపు బొటనవేలితో గట్టిగా నొక్కండి. తర్వాత గచ్చు మీద పెట్టి చెంచా వెనక భాగంతో రుద్దండి. పైనున్న పలచటి కాగితం రాకపోతే బలవంతంగా పీకవద్దు, అది అక్కడే ఉన్నా నష్టం లేదు. చుట్టూ మిగిలిన జిగురు మీద కాస్త మొహం పౌడరు చల్లండి, టైరుకు అంటుకోకుండా ఉంటుంది.

తిరిగి ఎక్కించేటప్పుడు ట్యూబులో గుండ్రటి రూపం వచ్చేంత గాలి ఉంచండి. వాల్వును ముందు రిమ్ము కన్నంలో దూర్చి, ట్యూబును చుట్టూ సర్దండి. టైరు అంచును వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి రెండు పక్కల నుంచీ నొక్కుకుంటూ వాల్వు దగ్గర ముగించండి. ఆఖరి అరచెయ్యి మేర గట్టిగా ఉంటుంది. అప్పుడు లీవరు పెట్టాలని చెయ్యి దురద పుడుతుంది, పెట్టకండి. ఎదురు పక్క అంచును మళ్లీ రిమ్ము గుంటలోకి నొక్కి, బొటనవేళ్లతో తోయండి, ఎక్కుతుంది. చివరగా వాల్వును ఒకసారి లోపలికి తోసి వదలండి, దాని మొదట్లో ట్యూబు అంచు కింద ఇరుక్కుని ఉంటే తప్పుకుంటుంది. సగం గాలి కొట్టి చక్రం తిప్పుతూ రెండు పక్కలా చూడండి. టైరు మీది సన్నగీత రిమ్ముకు అన్నిచోట్లా ఒకే దూరంలో ఉంటే నిండా కొట్టండి. ఎంత కొట్టాలో టైరు పక్కన అచ్చు వేసే ఉంటుంది. వారానికోసారి బొటనవేలితో నొక్కి చూసే అలవాటు చేసుకుంటే సగం పంచర్లు తప్పుతాయి.

టైరు పక్క చీలితే ఇంటికి చేరేదాకా ఒక ఉపాయం ఉంది. పాల ప్యాకెట్టు నాలుగు మడతలు వేసి చీలిక లోపల ట్యూబుకూ టైరుకూ మధ్య పెట్టి, గాలి కొంచెం తక్కువగా కొట్టండి. మర్నాడు టైరు మార్చాల్సిందే.

టైరు కొనడానికి వెళ్లినప్పుడు 26 అంగుళాలు అని మాత్రం చెప్పి రావద్దు. 26 పేరుతో రిమ్ములు రెండు మూడు రకాలున్నాయి. పాత టైరు పక్కన 37-590 అనో 50-559 అనో ఒక అంకె ఉంటుంది. వెనక ఉన్న మూడంకెలూ రిమ్ముకు సరిపోయే వ్యాసం, మిల్లీమీటర్లలో. 590 టైరు 559 రిమ్ముకు పట్టదు, రెండూ 26 అయినా సరే. నల్ల సైకిల్ 28 అంగుళాల టైరుకు ఆ అంకె 635.

చైను

చైను కిర్రుమంటే అందరూ ముందు నూనె డబ్బా కోసం చూస్తారు. మురికి మీద నూనె పోస్తే అది అరగదీసే ముద్ద అవుతుంది. ముందు శుభ్రం చేయండి. గుడ్డను కిరోసిన్‌లో ముంచి పిండి, చైనును గుడ్డలో పట్టుకుని పెడలు వెనక్కి తిప్పండి. గుడ్డ నల్లబడితే ఇంకో చోట మడిచి మళ్లీ పట్టండి. పళ్ల చక్రాల సందుల్లో గట్టిపడిన మట్టి పుల్లతో తీయండి. పూర్తిగా ఆరాక, కింది వరస చైను లోపలి వైపున, ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క నూనె వేస్తూ ఒక చుట్టు తిప్పండి. ఓపిక కావాలి, వందకు పైగా కణుపులుంటాయి. పది నిమిషాలు ఆగి, పైన మిగిలిన నూనెను పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. నూనె అవసరం రోలర్ల లోపల, పిన్నుల దగ్గర. పైన మెరిసే నూనె దుమ్మును పిలవడానికే పనికొస్తుంది.

ఏ నూనె? కుట్టుమిషను నూనె పలచన, తరచూ వేసుకోవాలి కానీ పని చేస్తుంది. బండి ఇంజను నూనె ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తుంది. వంటనూనె, ఆముదం, కొబ్బరినూనె వద్దు. పొయ్యి పక్కన గోడ మీద పడిన నూనె చినుకులు కొన్నాళ్లకు జిగురై గోకితే తప్ప రావు కదా, చైను లోపలా అదే జరుగుతుంది.

ఒకే గేరు సైకిల్‌లో చైను వదులు చూడాలంటే, పెడలుకూ వెనక చక్రానికీ మధ్య చైనును వేలితో పైకీ కిందకూ కదపండి. మొత్తం అర అంగుళం ఆడితే బాగుంది. పెడలును పూర్తిగా ఒక చుట్టు తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి, ఎందుకంటే పళ్ల చక్రం కొంచెం వంకరగా ఉంటే ఒకచోట బిగువుగా, ఇంకోచోట వదులుగా ఉంటుంది. అన్నిటికంటే బిగువుగా ఉన్న చోటును లెక్కలోకి తీసుకోవాలి. సరిచేయడానికి వెనక చక్రం నట్లు రెండూ వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, టైరు రెండు పక్కల ఫ్రేము గొట్టాలకూ సమాన దూరంలో ఉందో లేదో చూసి, నట్లు మార్చి మార్చి బిగించండి. చైను తీగలా బిగిస్తే బాగా తొక్కవచ్చనుకోవద్దు. పెడలు తొక్కడం బరువవుతుంది, బేరింగులు త్వరగా పోతాయి.

చైను అరిగిందో లేదో స్కేలుతో చెప్పవచ్చు. ఒక పిన్ను మధ్య సున్నా పెట్టండి. కొత్త చైనులో ఇరవై నాలుగో పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. అది పదహారో వంతు అంగుళం దాటిపోతే చైను మార్చండి. ఎనిమిదో వంతు దాటిందంటే వెనక పళ్ల చక్రం, అంటే ఫ్రీవీలు పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి, కొత్త చైను వాటి మీద జారుతుంది. ఒకే గేరు సైకిల్ చైను వెడల్పు, గేర్ల సైకిల్ చైను కంటే ఎక్కువ, కాబట్టి కొనేటప్పుడు ఏ సైకిల్‌కో చెప్పండి. చైను కలిపే లింకుకు చేప ఆకారంలో ఒక క్లిప్పు ఉంటుంది. చైను కదిలే దిక్కుకు చేప తల, వెనక్కి తోక ఉండాలి. తిరగేసి పెడితే ఏ పుల్లకో తగిలి నడిరోడ్డు మీద ఊడుతుంది.

బ్రేకులు

మిగతావన్నీ రేపటికి వాయిదా వేయవచ్చు, బ్రేకును వేయకూడదు. ముందు పరీక్ష. సైకిల్ పక్కన నిలబడి ముందుకు నడిపిస్తూ ముందు బ్రేకు పట్టండి: వెనక చక్రం నేల విడిచి లేవబోవాలి. వెనక బ్రేకు పడితే చక్రం తిరగకుండా నేల మీద ఈడ్చుకుపోవాలి. ఈ రెండూ జరగకపోతే సైకిల్ ఎక్కవద్దు.

నల్ల సైకిల్ కడ్డీ బ్రేకులో లీవరు నొక్కితే కడ్డీ పైకి లాగుతుంది, రబ్బరు కట్టలు రిమ్ము లోపలి ముఖానికి ఆనుతాయి. రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందు ఎక్కువైతే కడ్డీ కలిసే చోట ఉన్న చిన్న నట్టు వదులు చేసి, కడ్డీని కొంచెం లాగి మళ్లీ బిగించండి. రబ్బరు అరిగి ఇనుప తొడుగు రిమ్ముకు తగిలితే గరగరమంటుంది, ఆ శబ్దం విన్నాక ఒక్క రోజు కూడా తొక్కవద్దు. కొత్త రబ్బరు పెట్టేటప్పుడు తొడుగుకు ఒక పక్క మూత, ఒక పక్క ఖాళీ ఉంటాయి. చక్రం తిరుగుతూ రబ్బరును ఎటు లాగుతుందో ఆ పక్కన మూత ఉండాలి. తిరగేసి బిగిస్తే ఇంట్లో బాగానే ఆగుతుంది, దిగుడు మీద బ్రేకు వేసినప్పుడు రబ్బరు జారి ఎగిరిపోతుంది. ఇది నిజంగా ప్రాణాల మీదకు వచ్చే పొరపాటు.

తీగ బ్రేకుల్లో లీవరు పూర్తిగా నొక్కినా హ్యాండిల్‌కు తగలకూడదు, మధ్యలో రెండు వేళ్ల సందు మిగలాలి. తగులుతుంటే లీవరు దగ్గర చేత్తో తిప్పే నట్టును బయటికి విప్పుతూ పోతే తీగ బిగుసుకుంటుంది. అది చాలకపోతే ఆ నట్టును తిరిగి లోపలికి తిప్పేసి, బ్రేకు దగ్గర తీగను పట్టిన బోల్టు విప్పి, కొంచెం లాగి బిగించండి. రబ్బర్లు రిమ్ముకే తగలాలి, పైనున్న టైరుకు కాదు. తీగలో ఒక్క పోగు తెగినా మొత్తం మార్చేయండి, దాని ధర చాలా తక్కువ. కీచుమంటుంటే మొదట రిమ్మును సబ్బు నీళ్లతో కడిగి చూడండి, చాలాసార్లు చైనుకు వేసిన నూనె చినుకే కారణం. ఉక్కు రిమ్ములు వానలో తడిస్తే బ్రేకు సగానికి సగం పట్టదు. ఎంత బిగించినా ఇది పోదు, వానలో ముందుగానే బ్రేకు వేయడం ఒక్కటే దారి.

టకటక ఎక్కడ?

తొక్కుతుంటే టక్, టక్ అని వినిపిస్తే ముందు లెక్కపెట్టండి. పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి వస్తే పెడలులోనో, దాని కాడలోనో, కాడను పట్టిన కాటర్ పిన్నులోనో ఉంది. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా వస్తే చక్రంలో ఉంది. తొక్కడం ఆపి వదిలినా వినిపిస్తుంటే చైను, పెడళ్ల మీద అనుమానం వదిలేయవచ్చు.

పెడలు వదులైతే బిగించే ముందు ఒకటి తెలుసుకోండి. కుడి పెడలు మర మామూలుది, ఎడమ పెడలు మర తిరగేసినది. రెండింటికీ ఒకటే సూత్రం: పానా పైనుంచి సైకిల్ ముందు వైపుకు తిప్పితే బిగుస్తుంది, వెనక వైపుకు తిప్పితే విప్పుకుంటుంది. ఎడమదాన్ని మామూలుగా విప్పబోయి మరలు కొరుక్కుపోతే పెడలు కాడే మార్చుకోవాలి. బిగించే ముందు మరకు కాస్త గ్రీజు రాస్తే వచ్చే ఏడాది విప్పేటప్పుడు మీకే మేలు.

నల్ల సైకిళ్లలో పెడలు కాడను ఇరుసుకు పట్టేది ఏటవాలుగా అరగదీసిన కాటర్ పిన్ను. అది వదులైతే ప్రతి చుట్టుకూ కాలికి చిన్న కుదుపు తెలుస్తుంది. నట్టు బిగిస్తే పోతుందనుకుంటారు. పిన్నును లోపలికి లాగే పని నట్టుది కాదు. కాడ కింద బరువైన ఇనుప ముక్క ఆనించి, పిన్ను తల మీద సుత్తితో రెండు మూడు గట్టి దెబ్బలు వేసి కూర్చోబెట్టి, ఆ తర్వాత నట్టును ఓ మోస్తరుగా బిగించాలి. కింద ఆనుపు లేకుండా కొడితే ఆ దెబ్బ ఇరుసు గోళీల మీద పడుతుంది. రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కుల నుంచి దూర్చాలి, అప్పుడే రెండు కాడలూ ఒక గీతలో ఉంటాయి. నేను మొదటిసారి చేసినప్పుడు ఒక పెడలు మెట్టు దిగినట్టు ఒరిగి ఉండేది, కారణం తెలియడానికి రెండు రోజులు పట్టింది.

చక్రం వంకర కొంచెమైతే ఇంట్లో సరిచేయవచ్చు. ఫోర్కుకు ఒక పెన్సిలు కట్టి మొన రిమ్ముకు దగ్గరగా ఉంచి చక్రం తిప్పండి. రిమ్ము ఎడమ వైపుకు వచ్చి పెన్సిలుకు తగిలేచోట, కుడి వైపు నుంచి వచ్చే పుల్లను పావు చుట్టు బిగించండి. పుల్ల చివర రిమ్ము దగ్గర ఉండే చిన్న నట్టే నిప్పిలు, దాన్ని టైరు వైపు నుంచి చూస్తే గడియారం తిరిగే దిక్కు బిగింపు. పావు చుట్టు అంటే పావు చుట్టే. మళ్లీ తిప్పి చూసి అప్పుడు ఇంకోటి. అంతకుముందు ఒక్కో పుల్లనూ వేలితో మీటి వినండి. మిగతావి ఖంగుమంటుంటే ఒకటి డబ్బుమంటే వంకరకు మూలం అదే, దాన్ని బిగిస్తేనే సగం పని అయిపోతుంది. గోతిలో పడి రిమ్మే వంగితే మాత్రం పుల్లలతో లాగవద్దు, దుకాణానికి తీసుకెళ్లండి. నల్ల సైకిల్ ముందు చక్రానికి 32, వెనకదానికి 40 పుల్లలు. అన్నీ విప్పి మళ్లీ అల్లడం నేర్చినవారి పని, నేను ఇప్పటికీ చేయను.

ఇరుసు ఆట చూడాలంటే చక్రం నేలకు తగలకుండా ఎత్తి, రిమ్ము పట్టుకుని పక్కలకు ఊపండి. లొడలొడమంటే కోను, అంటే ఇరుసు మీద గోళీలను నొక్కిపట్టే శంకు ఆకారపు నట్టు, వదులు. సన్నటి కోన్ పానాతో లోపలి కోను పట్టి, బయటి నట్టు వదులు చేసి, ఆట పోయేదాకా కోనును తిప్పి మళ్లీ నట్టు బిగించండి. నట్టు బిగించేటప్పుడు కోను ఇంకాస్త బిగుస్తుంది, అందుకే ముందు ఒక వెంట్రుకవాసి వదులుగా ఉంచాలి. రెండు మూడుసార్లు తప్పుతుంది, మామూలే. గోళీలు విప్పితే కింద తెల్లటి పళ్లెం పెట్టుకోండి. మామూలుగా ముందు చక్రానికి పక్కకు పది, వెనకదానికి పక్కకు తొమ్మిది ఉంటాయి, అయినా మీరు విప్పినప్పుడు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోండి. ఒకటి బీరువా కిందకు దొర్లితే పాత స్పీకరు అయస్కాంతానికి దారం కట్టి లాగవచ్చు. గోళీలు కూర్చునే గిన్నె నిండా గ్రీజు పెట్టి గోళీలు అతికిస్తే అవి కదలకుండా నిలబడతాయి. పాత గోళీల మధ్య ఒక కొత్తది కలపవద్దు, అరగని కొత్తదాని మీదే బరువంతా పడుతుంది.

చిన్న చిన్న మార్పులు

అన్నిటికంటే చవకైన మార్పు సీటు ఎత్తు. సీటు మీద కూర్చుని మడమను అడుగున ఉన్న పెడలు మీద పెట్టండి. మోకాలు దాదాపు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి సుఖంగా ఉంటుంది. మోకాళ్లు నొప్పులని సైకిల్ మానేసిన ఇద్దరి సీట్లు నేను పైకెత్తి ఇచ్చాను. సీటు గొట్టం మీద ఒక గీత ఉంటే దానికంటే బయటకు లాగకండి, గీత లేకపోతే కనీసం రెండున్నర అంగుళాలు లోపల ఉండేలా చూడండి. హ్యాండిల్ కూడా అంతే.

పాత ట్యూబు పారేయకండి. నిలువునా కోసి లోతట్టు పట్టీగా చేసి, టైరుకూ కొత్త ట్యూబుకూ మధ్య పెడితే చిన్న ముళ్లు ఆగుతాయి. పట్టీ అంచులను గరుకు కాగితంతో పలచగా చేసి పౌడరు చల్లండి, లేకపోతే ఆ అంచే ట్యూబును కోస్తుంది. చక్రం కొంచెం బరువవుతుంది, అది ఒప్పుకోవాలి. అడ్డంగా కోస్తే క్యారియర్‌కు కట్టే రబ్బరు పట్టీలు వస్తాయి. చైను పక్కన ఉన్న ఫ్రేము గొట్టానికి చుట్టితే రంగు పోకుండా ఉంటుంది. క్యారియర్ మీద సంచీ జారుతుంటే దాని కొలతకు ప్లైవుడ్ ముక్క కోసి, నాలుగు మూలలా కన్నాలు పెట్టి, అదే రబ్బరుతో బిగించండి. ఫ్రేముకు మాత్రం ఎప్పుడూ కన్నం పెట్టవద్దు.

రాత్రి తిరిగేవారికి వెనక ఎర్రటి రిఫ్లెక్టర్ టేపు తప్పనిసరి. పెడళ్ల అంచులకు కూడా అంటించండి. పైకీ కిందకూ ఆడే వెలుగును లారీవాళ్లు దూరం నుంచే సైకిల్ అని గుర్తుపడతారు. పాత డైనమోకు ఎల్ఈడీ బల్బు పెట్టాలంటే డైనమో కోసం చేసిన బల్బే అడగండి, డైనమో ఇచ్చేది ఏసీ కరెంటు.

చీర, చున్నీ వెనక చక్రంలో పడకుండా వల కట్టడం నేను చేసిన మార్పుల్లో అన్నిటికంటే ఉపయోగపడింది. మొక్కలకు కట్టే గట్టి ప్లాస్టిక్ వలను అర్ధచంద్రంగా కోయండి. మడ్‌గార్డు, దాని కడ్డీలు, క్యారియర్ కాళ్ల వెంట రెండు పక్కలా ప్లాస్టిక్ టైలతో కట్టండి. వల పుల్లలకు తగలకూడదు, చక్రం తిప్పి వినండి. టైల తోకలు కత్తిరించేటప్పుడు మొనలు లోపలి వైపు తిరిగేలా కట్టండి. బయటికి ఉంటే చున్నీని కాపాడాల్సిన వలే దాన్ని పట్టుకుని చింపుతుంది. మా అమ్మాయి ఆకుపచ్చ చున్నీకి అలాంటి చిరుగు ఒకటి ఉంది.